మూత తీయని బ్యాటరీ: మన్యపు రైతులు పాటింపవలసిన జాగ్రత్తలు
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగపు పాఠము)



మన కొండల అంచున, మాచ్‌ఖండ్ నదిపై, 1955లో జలవిద్యుత్ కేంద్రము వెలసినది. అప్పటినుండి కరెంటు తీగలు ఎన్నో గూడెములకు చేరినవి. అయినను కొండవాలున నున్న కాఫీ తోటకు గాని, రాజ్‌మా మడికి గాని, వలిసె చేనుకు గాని తీగ రాలేదు. అక్కడికి కరెంటును మీరే వీపున మోసికొని పోవుచున్నారు. చార్జింగు పంపు అడుగున ఇటుకంత నల్లని పెట్టె యొకటి ఉన్నది గదా, నేను చెప్పబోవునది దానిని గురించియే. సంతలో పసుపు, మిరియాలు తూచు ఎలక్ట్రానిక్ కాటాలోను, అనేక సోలారు దీపములలోను, మోటారు సైకిలు సీటు క్రిందను ఉండునది దాని అన్నదమ్ములే.

పైరుల సంగతి చెప్పవలసినవాడు బ్యాటరీ సంగతి ఏల ఎత్తుకొన్నాడని మీకు తోచవచ్చును. కారణము లేకపోలేదు. బ్యాటరీ నీరసించినప్పుడు పంపు మోటారు నెమ్మదించును. నాజిల్ నుండి సన్నని తుంపర రాక పెద్ద బొట్లు పడును. చల్లునది మందయినను, ద్రవజీవామృతమైనను, ఒక మొక్కపై ఎక్కువ, ఒక మొక్కపై తక్కువ పడి మీ ఖర్చు, శ్రమ వ్యర్థమగును. కాని ఇంతకంటె పెద్ద కారణము వేరొకటి ఉన్నది. ఈ పెట్టెలోని పదార్థము పొలమును విడిచి ఇంటిలోనికి వచ్చినచో, దాని కీడు ముందుగా మీ పిల్లలకు, మీ పశువులకు తగులును. కావున ఈ పూట నేను చెప్పదలచినది ఒక్కటే మాట: ఈ బ్యాటరీ మూతను ఏ కారణముచేతను తీయకుడు.

లోపల ఏమున్నది?

సీసపు బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టెను. ఇన్నేళ్లు గడచినను మూలసూత్రము మారలేదు. కొన్ని సీసపు పలకలు, కొన్ని సీసపు ఆక్సైడు పూసిన పలకలు, వాటి నడుమ గంధకామ్లము. ఒక్కొక్క గదిలో సుమారు 2 వోల్టుల బలము పుట్టును. ఆరు గదులు కలిసి 12 వోల్టులగును. బ్యాటరీని వాడుచున్నకొలది రెండు రకముల పలకలపైనను సీసపు సల్ఫేటు ఏర్పడును, ఆమ్లము పలుచనగును. చార్జి పెట్టినచో ఆ సల్ఫేటు కరిగి పలకలు మరల పూర్వస్థితికి వచ్చును.

పాతకాలపు బ్యాటరీలో ఆమ్లము నీళ్లవలె ఆడుచుండును. అందుచేత అప్పుడప్పుడు మూతలు విప్పి డిస్టిల్డు వాటరు పోయవలెను. పంపులోని బ్యాటరీ అట్టిది కాదు. ఇందులో ఆమ్లమును సన్నని గాజునూలు చాపలు పీల్చుకొని ఉండును; కొన్నింటిలో జిగురువలె గడ్డకట్టించి ఉంచెదరు. చార్జి సమయమున పుట్టిన వాయువులు బయటికి పోక లోపలనే కలిసి తిరిగి నీరగును. అందుచేతనే దీనికి నీరు పోయు పని లేదు. ఒత్తిడి మితిమీరినప్పుడు మాత్రము తెరచుకొనుటకు చిన్న రబ్బరు కవాటములను పై పలక క్రింద అమర్చినారు. మూసిన బ్యాటరీ అనగా ఆమ్లము లేని బ్యాటరీ కాదు. ఆమ్లమును బంధించి ఉంచిన బ్యాటరీ అని మాత్రమే అర్థము.

పంపు బ్యాటరీ సుమారు రెండు, రెండున్నర కిలోలు తూగును. ఆ బరువులో సగమునకు మించి సీసమే.

మూత తీయవలెనని మనకు మూడు సందర్భములలో బుద్ధి పుట్టును. మొదటిది బ్యాటరీ పని చేయనప్పుడు. రెండవది అది ఉబ్బినప్పుడు. మూడవది అది చచ్చిన తరువాత. ఒక్కొక్కదానినే చూచెదము.

మొదటి సందర్భము: పని చేయనప్పుడు

ఒక శిక్షణ తరగతికి రైతు ఒకరు పంపును తెచ్చిరి. బ్యాటరీ పై పలకను స్క్రూడ్రైవరుతో పెకలించి, రబ్బరు మూతలు తీసి, మోటారు సైకిలు బ్యాటరీకి పోయు ఆమ్లమును అందులో పోసినారు. రెండు దినములు బాగుగనే నడచినదట. మూడవ దినము కొండ ఎక్కుచుండగా పంపు ఒరిగి, ఆమ్లము కారి, నడుము వెనుక చర్మము కాలినది. చెమట మంట అనుకొని సాయంకాలము వరకు చొక్కా విప్పలేదు. ఆ పుండు మానుటకు నెల పట్టినది. ఆయన చేసిన తప్పు సోమరితనము వలన కాదు. వస్తువును బాగుచేసికొనవలెనను మంచి బుద్ధి వలననే. నీరు తగ్గుట వలన బ్యాటరీ చెడినదని ఆయన తలచినారు. నిజమునకు చాల బ్యాటరీలు చెడునది చార్జి లేకుండ పడియుండుట వలన.

ఖాళీ బ్యాటరీని అట్లే ఉంచినచో పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి పెళుసు కట్టును. అటుపిమ్మట ఎంత చార్జి పెట్టినను అది కరగదు. ఇది తెలియక మనము ఖరీఫు పని ముగియగానే పంపును కడిగి, అటక మీద పడవైచి, మరుసటి తొలకరికి దించెదము. అప్పుడది పలుకదు.

దీనికి ఉపాయము చాల సులభము. పని ముగిసిన నాటి సాయంకాలమే, కరెంటు లేనిచో వచ్చిన వెంటనే, చార్జి పెట్టవలెను. పంపును దాచునప్పుడు బ్యాటరీని నిండుగా చార్జి చేసి, తీగ ఊడదీసి, చల్లని పొడిచోట ఉంచవలెను. వాడకున్నను బ్యాటరీ నెలకు నూటికి మూడు వంతుల చొప్పున తనంత తానే తరిగిపోవును. వేడిచోట ఇంకను త్వరగా తరుగును. కనుక రెండు మూడు నెలలకు ఒకమారు చార్జి పెట్టవలెను. జ్ఞాపకమునకు పండుగలను గురుతు పెట్టుకొనుడు. దసరాకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, చైత్రములో ఇటుకల పండుగకు ఒకసారి. అటుపైన తొలకరి పని వచ్చును. పండుగకు ఇల్లు అలుకునప్పుడు బ్యాటరీ మాట తలచుకొన్నచో చాలును.

చలికాలమున లంబసింగి, చింతపల్లి ప్రాంతములలో కొన్ని సంవత్సరములు ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దరికి దిగుచున్నది. అంతటి చలిలో బ్యాటరీ తన బలమంతయు ఇయ్యదు. అది చెడిపోయినదని భ్రమపడి విప్పకుడు. ఎండ పొడిచిన తరువాత మరల చూడుడు.

బ్యాటరీ బాగున్నదో లేదో తెలిసికొనుటకు మూత విప్పనక్కరలేదు. చార్జి ముగించి, కొన్ని గంటలు కదపక ఉంచి, మెకానిక్కు వద్ద వోల్టు మీటరుతో చూపించుడు. 12.7 మొదలు 12.9 వోల్టుల వరకు ఉన్నచో నిండుగా ఉన్నట్లు. 12 వోల్టులకు దిగినచో దాదాపు ఖాళీ అయినట్లు. నిండా చార్జి పెట్టినను ఆ అంకె పైకి రానిచో దాని ఆయుస్సు తీరినదని గ్రహించి, క్రొత్తది కొనుటయే లాభము.

రెండవ సందర్భము: ఉబ్బినప్పుడు

బ్యాటరీ ప్రక్కలు ఉబ్బుట, ముట్టుకొన్న చెయ్యి కాలునంత వేడెక్కుట, కుళ్లిన గుడ్ల వాసన వచ్చుట, ఇవి అతిగా చార్జి పెట్టుటకు గురుతులు. లోపల వాయువు నిండినది గదా, చిన్న కంత పొడిచినచో తగ్గునని కొందరు తలచెదరు. ఇంతకంటె అపాయకరమైన పని లేదు. ఆ వాయువులో హైడ్రోజను ఉండును. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లున్నను నిప్పురవ్వ తగిలిన భగ్గుమనును. పెట్టె పగిలి ఆమ్లము ముఖమున చిమ్మును.

అట్టి స్థితిలో చేయవలసినది ఇది. ముందు గోడ వద్ద స్విచ్చి ఆపవలెను. పిమ్మట పిల్లలను దూరముగా పంపి, తలుపులు తెరచి, బ్యాటరీ చల్లారు వరకు ముట్టుకొనక ఉండవలెను. చల్లారిన తరువాత నిటారుగా బయట నీడలో పెట్టి, మరల ఎన్నడును చార్జి పెట్టరాదు.

ఉబ్బకుండ కాపాడుకొనుటకు చార్జరు విషయమున శ్రద్ధ వహింపవలెను. పంపుతో వచ్చిన చార్జరునే వాడుడు. 8 ఆంపియరు గంటల బ్యాటరీకి 2 ఆంపియర్లకు లోపు చార్జరు తగినది. ట్రాక్టరు బ్యాటరీకి పెట్టు పెద్ద చార్జరును దీనికి తగిలించుట, పసిపిల్లకు పెద్దవాని మోతాదు మందు పోయుట వంటిది. ఇప్పుడు వచ్చుచున్న కొన్ని పంపులలో సీసపు బ్యాటరీకి బదులు లిథియం బ్యాటరీ ఉన్నది. చూచుటకు ఒకటే పంపువలె ఉన్నను రెండింటి చార్జర్లు వేరు. ఒకదానిని మరొకదానికి పెట్టరాదు. బ్యాటరీ పై చీటీని చదివి, చార్జరుపై రంగుతో గురుతు వేసికొనుడు.

చార్జి పెట్టుచోటు కూడ ముఖ్యమే. పొయ్యి దగ్గర, గడ్డి అటక క్రింద, పడక మీద పెట్టరాదు. గాలి ఆడు వసారాలో, వాన జల్లు పడని మూల, రాతిపలక మీద పెట్టుట మంచిది. పంపును ముందుగా కడిగి, చేతులు తుడుచుకొని మరి తీగ పెట్టవలెను. చార్జి అగుచున్నంతసేపు ఆ దరిని కిరసనాయిలు దీపము గాని, చుట్ట గాని, అడ్డపొగ గాని కూడదు. చార్జరు దీపము ఆకుపచ్చగా మారిన పిమ్మట తీసివేయవలెను. రాత్రియంతయు పెట్టి నిద్రపోకుడు.

ఇక్కడనే మరియొక హెచ్చరిక. 12 వోల్టులు షాకు కొట్టవు గనుక ఏమియు కాదని కొందరందురు. షాకు కొట్టదు, నిజమే. కాని రెండు కొనల నడుమ లోహము తగిలినచో ఒక్కసారిగా వంద ఆంపియర్లకు మించి పారును. క్షణములో ఆ లోహము ఎర్రగా కాలును. కడియము, గాజులు, మెడలోని గొలుసు తీసి ప్రక్కన పెట్టి మరి బ్యాటరీ పని చేయుడు. తీగ విప్పునప్పుడు నల్ల తీగ ముందు, ఎర్ర తీగ తరువాత; తగిలించునప్పుడు ఎర్రది ముందు, నల్లది తరువాత. ఫ్యూజు పోయినచో దాని స్థానమున రాగి తీగ చుట్టకుడు.

ఆమ్లము తగిలినప్పుడు

పెట్టె పగిలి ఆమ్లము ఒంటిపై పడినచో తడిసిన బట్టను వెంటనే విప్పి, ధారాళముగా నీటితో కడుగవలెను. పావుగంటకు తక్కువ కాకుండ కడుగుచునే ఉండవలెను. కంటిలో పడినచో రెప్పలు విడదీసి, ముక్కు వైపునుండి బయటికి నీరు పారునట్లు ఇరువది నిమిషములు కడిగి, ఆలస్యము చేయక 108 బండిలో ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పసుపు, నూనె, కాఫీ పొడి, ఆకు పసరు, సున్నము, ఇవేవియు గాయమున పెట్టరాదు. తొలి మందు నీరే.

నేలపై ఒలికినచో వంటసోడా గాని, లేనిచో పొయ్యి బూడిద గాని చల్లవలెను. అది ఆమ్లమును విరుచును. ఈ బూడిద నేలకే గాని ఒంటికి కాదు. ఊడ్చిన మట్టిని పెరటి కూరపాదులలో వేయక, ప్లాస్టిక్కు సంచిలో మూటకట్టి, పగిలిన బ్యాటరీతోపాటు అప్పగింపవలెను. ఈ పని చేయునప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు ఉండవలెను. లేనిచో మందమైన ప్లాస్టిక్కు సంచులనైనను తొడుగుకొనవలెను.

మూడవ సందర్భము: చచ్చిన తరువాత

అన్నింటికంటె ముఖ్యమైనది ఇదియే. పని చేయని బ్యాటరీలో మిగిలినది సీసము. అది 327 డిగ్రీల వేడికే కరగును. కట్టెల పొయ్యి చాలును. వల గుళ్లకు పనికివచ్చునని, పాత సామాను వానికి విడిగా అమ్మిన నాలుగు రూపాయలెక్కువ వచ్చునని, పెట్టె పగులగొట్టి కరిగించువారు కొన్ని చోట్ల ఉన్నారు. అట్లు చేసినచో పొగతోను, ధూళితోను సీసము ఇంటి నేలమీద, వంట పాత్రలమీద, చోళ్ల చేటలో పడును. సీసమునకు వాసన లేదు. అది కుళ్లిపోదు, ఎండిపోదు, వానకు మాయము కాదు. పది సంవత్సరముల తరువాత కూడ ఆ పెరటిలో ఉండును.

పెద్దవారి కడుపులో పడిన సీసముకంటె పిల్లల కడుపులో పడినది నాలుగైదు రెట్లు ఎక్కువగా రక్తమునకు ఎక్కును. ఆహారములో ఇనుము చాలక రక్తము తక్కువైన పిల్లలకు అది మరింతగా పట్టును. మన్యములో అట్టి పిల్లలు ఎందరున్నారో మీకు తెలియును. కడుపునొప్పి, ఆకలి మందగించుట, పాలిపోవుట, చదువున వెనుకబడుట దీని లక్షణములు. ముదిరినచో మూర్ఛలు వచ్చును. తొలి లక్షణములను చూచి తల్లి నులిపురుగులనుకొనును, ఉపాధ్యాయుడు మందబుద్ధి అనుకొనును. సీసము ఇంత మాత్రము ఉన్న ఫరవాలేదనుటకు తగిన హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఇది ఎంతవరకు పోగలదో ఒక ఉదాహరణము చెప్పెదను. ఆఫ్రికా ఖండములో సెనెగల్ దేశపు రాజధాని డకార్ శివారున తియారోయ్ సుర్ మేర్ అను పేట ఉన్నది. అక్కడ పాత బ్యాటరీలనుండి సీసము తీయు పని ఏండ్ల తరబడి సాగినది. సీసపు తుక్కు ఇసుకలో కలిసిపోయినది. సీసపు ధర పెరుగగా జనము ఆ ఇసుకను జల్లించి, మూటలుగా ఇండ్లలోనికి తెచ్చుకొనిరి. 2007 నవంబరు మొదలు 2008 మార్చి లోపల ఆ పేటలో 18 మంది పిల్లలు మరణించిరి. వారి తల్లిదండ్రులు మనవంటి వారే. ఎవరికిని చెరుపు చేయవలెనను తలంపు వారికి లేదు.

ఇది దూరదేశపు సంగతి అని తోసివేయుటకు వీలులేదు. ఐక్యరాజ్యసమితి బాలల నిధియు, ప్యూర్ ఎర్త్ అను సంస్థయు కలిసి 2020లో ప్రకటించిన నివేదిక ప్రకారము ప్రపంచమున ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తములో సీసము ఆందోళన పడవలసినంత ఉన్నది. మొత్తము 80 కోట్ల మంది. అందులో 27 కోట్లకు పైగా మన దేశపు పిల్లలే. పాత బ్యాటరీలను అజాగ్రత్తగా పగులగొట్టి కరిగించుట దీనికి ముఖ్యకారణములలో ఒకటియని ఆ నివేదిక తెలుపుచున్నది.

పశువుల మాట కూడ చెప్పవలెను. ఆవులు, దూడలు క్రొత్త వస్తువును నాకి చూచు స్వభావము గలవి. పగిలిన బ్యాటరీ పలకలను అవి రుచిగా నాకును. రెండు మూడు దినములలో పళ్లు కొరుకుట, చూపు పోవుట, తల గోడకు ఆనించి నిలుచుట, తూలి పడుట కనిపించును. ఆ పైన బ్రతికించుట కష్టము. పెద్ద బ్యాటరీ పెట్టెను కోసి కుడితి తొట్టిగా వాడుట ఈ కారణముచేతనే తగదు.

మరి ఏమి చేయవలెను?

పాత బ్యాటరీని పగులగొట్టక, నిండుగా, ఉన్నది ఉన్నట్లు, క్రొత్త బ్యాటరీ అమ్మువానికి తిరిగి ఇయ్యవలెను. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములను ప్రకటించినది. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి, అనుమతి పొందిన కర్మాగారములకు చేర్చు బాధ్యతను ఆ నియమములు తయారుచేయువారిపై ఉంచినవి. వాటిని పూడ్చిపెట్టుటను, కాల్చుటను నిషేధించినవి. ఇతర చెత్తలో కలుపకుండ విడిగా అప్పగించుట వాడినవారి విధి. బ్యాటరీపై కొట్టివేసిన చెత్త తొట్టి బొమ్మను చూడుడు. దానిని చెత్తలో వేయరాదని అర్థము. సరియైన కర్మాగారములో సీసమును మూసిన కొలిమిలో కరిగించి, పొగను వడగట్టి, మరల క్రొత్త బ్యాటరీకి వాడెదరు. సీసము పాడుకాని లోహము; దాని విలువ ఎక్కడికిని పోదు. కావున క్రొత్తది కొనునప్పుడు పాతదాని ధర తగ్గింపుమని అడుగుటకు మొగమాటపడకుడు.

ఒక్క బ్యాటరీ కొరకు పట్టణమునకు పోవుట అందరికి వీలుకాదు. గూడెములోని వారందరు పాత బ్యాటరీలను ఒకచోట చేర్చి, నెలకొకమారు సంతకు పోవు జీపులో పంపుకొనవచ్చును. ఆ పెట్టు చోటు పిల్లలకు, పశువులకు అందని మెట్టు మీద, వాన తగలని చోట ఉండవలెను. రెండు కొనలకును ఇన్సులేషను టేపు చుట్టి, ప్లాస్టిక్కు తొట్టిలో నిటారుగా పెట్టి పంపవలెను. ధాన్యపు సంచితోను, కోళ్ల గంపతోను కలిపి ఒకే మూటగా కట్టరాదు.

చెప్పిన మాటలను ఇంటి గోడమీద అంటించుకొనుటకు వీలుగా క్లుప్తముగా మరల చెప్పుచున్నాను.

1. మూసిన బ్యాటరీలో నీరు గాని, ఆమ్లము గాని పోయకుడు.
2. వాడిన నాడే చార్జి పెట్టుడు. దాచిన బ్యాటరీకి దసరా, సంక్రాంతి, ఇటుకల పండుగ గురుతు.
3. పంపుతో వచ్చిన చార్జరునే వాడుడు. గాలి ఆడుచోట, నిప్పుకు దూరముగా పెట్టుడు.
4. కడియములు, గొలుసులు తీసి మరి కొనలను ముట్టుకొనుడు.
5. ఉబ్బినదానిని పొడువకుడు, మరల చార్జి పెట్టకుడు.
6. ఆమ్లము తగిలినచో నీరు, నీరు, ఇంకను నీరు. పిమ్మట ఆసుపత్రి.
7. పాతదానిని పగులగొట్టకుడు, కరిగింపకుడు. ఉన్నది ఉన్నట్లు దుకాణమునకు తిరిగి ఇండు.

సోదరులారా, కొండమీద పుట్ట ఎక్కడున్నదో మీ పిల్లలకు మీరు చిన్ననాటనే చూపించి, దానిలో చెయ్యి పెట్టవద్దని చెప్పెదరు. పుట్టను ఎవరును త్రవ్వరు. దాని దారిన దానిని ఉండనిత్తురు. ఈ నల్లని పెట్టెను కూడ అట్లే చూపించుడు. మూత ఉన్నంతకాలము అది మీకు చాకిరి చేయును. నేటి రాత్రి ఇంటికి పోయి అటక మీద, మంచము క్రింద, గొడ్ల సాల మూలను వెదకుడు. పాత బ్యాటరీ కనిపించినచో వచ్చు సంతనాటికి అది ఇల్లు దాటవలెను.